గ్యాస్ట్రిన్ పెరిగింది సరే, యాసిడ్ సంగతేమిటి?

(హెచ్ పైలోరీ ఇన్ఫెక్షన్, జీర్ణ హార్మోన్ల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రెండు రిపోర్టులతో మొదలుపెడదాం. ఇవి నిజంగా ఎవరివీ కావు, పాఠం కోసం రాసుకున్నవి. ఇద్దరు మనుషులు. ఇద్దరి కడుపులోనూ హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంది. పరగడుపున తీసిన రక్తంలో ఇద్దరికీ, యాసిడ్ చెయ్యమని కడుపుకి చెప్పే గ్యాస్ట్రిన్ అనే హార్మోను మిల్లీలీటరుకి 160 పికోగ్రాములు. చాలా ల్యాబుల్లో 100 దాటితే ఎక్కువ కిందే లెక్క. కాగితం మీద చూస్తే ఇద్దరికీ తేడా లేదు. ఇప్పుడు కడుపులోని రసం కొంచెం తీసి పీహెచ్ చూశాం. ఈ అంకె ఎంత తక్కువైతే యాసిడ్ అంత ఎక్కువ. మొదటి మనిషిది 1.3. రెండో మనిషిది 6.5. అంతే, ఇక్కడ దారులు వేరైపోయాయి. మొదటి మనిషి చిన్నపేగు మొదట్లో పుండు పడే దారిలో ఉన్నాడు. రెండో మనిషి కడుపు లోపలి పొర సన్నబడిపోతోంది. కేన్సర్ వస్తుందేమోనని మనం కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ మనిషి కోసం. ఒకే క్రిమి, ఒకే హార్మోను అంకె, రెండు వేరు వేరు జబ్బులు. అది ఎలా సాధ్యం అన్నదే ఇవాళ మనం మాట్లాడుకునేది.

ముందు కడుపు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన జీర్ణాశయంలో రెండు ముఖ్యమైన పేటలు ఉన్నాయనుకోండి. పైభాగం, మధ్యభాగం కలిసి ఉన్నది కార్పస్. యాసిడ్ తయారయ్యేది ఇక్కడ, పెరైటల్ కణాల్లో. కింద, చిన్నపేగులోకి దారి తీసే భాగం ఆంట్రం. ఇక్కడ యాసిడ్ తయారు కాదు. కానీ యాసిడ్ ఎంత తయారవ్వాలో చెప్పే అధికారం ఇక్కడే ఉంది. ఆంట్రంలో జీ కణాలని ఉంటాయి. అన్నం లోపల పడగానే, అందులోని ప్రొటీను కరిగి అమైనో ఆమ్లాలుగా మారుతుంటే, కడుపు సాగుతుంటే, వేగస్ నరం చివరల నుంచి గ్యాస్ట్రిన్ రిలీజింగ్ పెప్టైడ్ అనే సంకేతం వస్తుంటే, ఈ జీ కణాలు గ్యాస్ట్రిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గమనించండి, కడుపులోకి కాదు, రక్తంలోకి. అది ఒళ్ళంతా తిరిగి మళ్ళీ కార్పస్‌కే వస్తుంది. అక్కడ ఈసీఎల్ కణాలు ఉంటాయి. గ్యాస్ట్రిన్ తగలగానే అవి హిస్టమిన్ వదులుతాయి. ఆ హిస్టమిన్ పక్కనే ఉన్న పెరైటల్ కణం మీది హెచ్2 గ్రాహకాన్ని తాకుతుంది. అప్పుడు ప్రోటాన్ పంపులు కణం ఉపరితలానికి వచ్చి పని మొదలుపెడతాయి. అవి రక్తంలో కంటే పది లక్షల రెట్లకు పైగా గాఢతతో హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తాయి. శరీరంలో ఇంత తేడాకి ఎదురెక్కి పనిచేసే పంపు మరొకటి కనబడదు.

ఇంత శక్తి ఉన్న యంత్రానికి బ్రేకు ఉండాలి కదా. ఆ బ్రేకు డీ కణం. ఇది ఆంట్రంలో జీ కణాలకి ఆనుకునే ఉంటుంది, చెయ్యి చాచినట్టు పొడుగాటి పోగు ఒకటి జీ కణం దాకా పెట్టుకుని ఉంటుంది. ఆంట్రంలో పీహెచ్ 3 కంటే కిందికి పడగానే డీ కణం సొమాటోస్టాటిన్ వదులుతుంది. అది రక్తం దాకా పోనక్కర్లేదు, పక్క కణం మీదే పనిచేస్తుంది. జీ కణం నోరు మూసుకుంటుంది, గ్యాస్ట్రిన్ ఆగిపోతుంది, యాసిడ్ తగ్గుతుంది. భోజనం అయ్యాక, కడుపు ఖాళీ అవుతున్న కొద్దీ, యాసిడ్‌ని ఆపేది యాసిడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది.

ఒక చిన్న చరిత్ర. గ్యాస్ట్రిన్ అనే హార్మోను ఉందని 1905లో జాన్ సిడ్నీ ఎడ్కిన్స్ చెప్పాడు. చాలామంది నమ్మలేదు. ఎందుకంటే హిస్టమిన్ కూడా యాసిడ్ పుట్టిస్తుంది, అది ఒంట్లో దాదాపు ప్రతి కణజాలంలోనూ దొరుకుతుంది. ఎడ్కిన్స్ తీసిన రసంలో పనిచేసింది హిస్టమినే అయ్యుంటుందని కొట్టిపారేశారు. దశాబ్దాలు గడిచాక, 1964లో రాడరిక్ గ్రెగరీ, హిల్డా ట్రేసీ లివర్‌పూల్‌లో గ్యాస్ట్రిన్‌ని శుద్ధి చేసి చూపించారు. అప్పటికి గానీ ఎడ్కిన్స్ మాట నిలబడలేదు. నాకు ఎప్పుడూ అబ్బురంగా అనిపించేది ఇంకొకటి ఉంది. ఇదే ఎడ్కిన్స్ 1920లలో పిల్లి కడుపులో ఉండే మెలికల బ్యాక్టీరియా మీద కూడా పరిశోధన చేశాడు. హార్మోను, మెలికల క్రిమి, రెండూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయి. రెండింటికీ సంబంధం ఉందని లోకానికి తెలియడానికి ఇంకో అరవై ఏళ్ళు పైన పట్టింది.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పాథాలజిస్టు రాబిన్ వారెన్, వాపు ఉన్న కడుపు ముక్కల్లో మెలికల బ్యాక్టీరియాను చూశాడు. తర్వాత బ్యారీ మార్షల్ తోడయ్యాడు. ల్యాబులో పెంచుదామంటే పెరగలేదు. రెండు రోజుల్లో ఏమీ రాకపోతే ప్లేట్లు పారేయడం ఆనవాయితీ. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి, తెరిచి చూస్తే క్రిమి పెరిగింది. ఆ క్రిమి నిదానంగా పెరుగుతుందన్న విషయం అలా బయటపడింది. 2005లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. ఈలోగా 1994లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ హెచ్ పైలోరీని మొదటి తరగతి కేన్సర్ కారకంగా ప్రకటించింది.

ఇప్పుడు క్రిమి దగ్గరికి వద్దాం. ఇది దాదాపు 3 మైక్రోమీటర్ల పొడుగు ఉంటుంది, ఒక చివర నాలుగైదు తోకలుంటాయి. యాసిడ్‌లో బతికే జీవి అని అందరూ అంటారు, అది సగం నిజమే. యాసిడ్‌లో నేరుగా వదిలేస్తే అదీ చస్తుంది. అది చేసేది ఏమిటంటే, యూరియేజ్ అనే ఎంజైముతో కడుపులోని యూరియాని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టుకుంటుంది. ఆ అమ్మోనియా యాసిడ్‌ని విరిచేస్తుంది. ఆ రక్షణలో జిగురు పొరలోకి ఈదుకుంటూ వెళ్ళి, కణాల దగ్గర, పీహెచ్ దాదాపు మామూలుగా ఉండే చోట కాపురం పెడుతుంది. చుట్టూ యాసిడ్ పెరిగినప్పుడే యూరియా లోపలికి రావడానికి దాని పొరలో ఒక ద్వారం తెరుచుకుంటుంది. యాసిడ్ లేనప్పుడు మూసుకుంటుంది. లేకపోతే తను చేసిన అమ్మోనియాతో తనే చస్తుంది.

యాసిడ్ ఎక్కువగా తయారయ్యే మనిషిలో ఈ క్రిమికి నచ్చే చోటు ఆంట్రం. ఎందుకంటే కార్పస్‌లో యాసిడ్ ధార తట్టుకోవడం కష్టం. యాసిడ్ తక్కువగా ఉండే మనిషిలో, లేదా మందులతో యాసిడ్ తగ్గించిన మనిషిలో, అది పైకి, కార్పస్‌లోకి పాకుతుంది. అంటే ఎక్కడ కాపురం ఉండాలో యాసిడ్ చెబుతుంది. కాపురం పెట్టాక యాసిడ్ ఎంత ఉండాలో క్రిమి చెబుతుంది. ఈ వలయం ఎటు తిరుగుతుందన్నదాన్ని బట్టే రోగం.

ముందు ఆంట్రం సంగతి. ఆంట్రంలో వాపు ఉన్నవాళ్ళలో డీ కణాలు తగ్గిపోతాయి, ఉన్నవీ సొమాటోస్టాటిన్ సరిగా చెయ్యవు. బ్రేకు వదులైపోయింది. జీ కణాలు భోజనం తర్వాత మామూలు కంటే ఒకటిన్నర, రెండు రెట్లు గ్యాస్ట్రిన్ వదులుతాయి. అంతకంటే ముఖ్యం, ఆపాల్సిన సమయంలో ఆపవు. పీహెచ్ పడిపోయినా గ్యాస్ట్రిన్ కారుతూనే ఉంటుంది. క్రిమిని నిర్మూలించిన కొన్ని వారాల్లో గ్యాస్ట్రిన్ మామూలుకి వస్తుంది, సొమాటోస్టాటిన్ కోలుకుంటుంది. కారణం క్రిమే అనడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

డీ కణాన్ని క్రిమి ఎలా దెబ్బతీస్తుంది? మొదట్లో అందరికీ తట్టిన సమాధానం అమ్మోనియా. క్రిమి చుట్టూ అమ్మోనియా ఉంది కాబట్టి ఆంట్రం కణాలు యాసిడ్ లేదని మోసపోతున్నాయి, బ్రేకు వెయ్యడం లేదు అన్నారు. వినడానికి చాలా బాగుంది. కానీ యూరియేజ్‌ని మందుతో ఆపేసి చూస్తే గ్యాస్ట్రిన్ తగ్గలేదు. అందుకని ఇప్పుడు ఎక్కువ బరువు వాపు మీదే పడుతోంది. వాపులో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి సైటోకైన్లు, అంటే కణాలు పంపుకునే వాపు సంకేతాలు, జీ కణాన్ని రెచ్చగొడతాయి. దానికి తోడు క్రిమి స్వయంగా హిస్టమిన్‌ని పోలిన ఎన్-ఆల్ఫా-మిథైల్ హిస్టమిన్ చేస్తుంది. అది డీ కణం మీది హెచ్3 గ్రాహకానికి తగిలి సొమాటోస్టాటిన్‌ని అణచివేస్తుంది. ఈ రెండు దారులూ ఒకదానికొకటి తోడై నడుస్తాయని నా అభిప్రాయం.

ఈ ఎక్కువ గ్యాస్ట్రిన్ యాసిడ్‌ని ఎంత పెంచుతుంది? గ్లాస్గోలో ఎల్-ఒమర్, మెక్‌కాల్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ నాకు చాలా ఇష్టం. వాళ్ళు గ్యాస్ట్రిన్ ఒక్కటే ఎక్కించి చూడలేదు. గ్యాస్ట్రిన్ రిలీజింగ్ పెప్టైడ్‌ని రక్తనాళంలోకి ఎక్కించారు. ఇది గ్యాస్ట్రిన్‌ని పుట్టిస్తుంది, సొమాటోస్టాటిన్‌నీ పుట్టిస్తుంది. అంటే కారులో యాక్సిలరేటరూ, బ్రేకూ రెండూ ఒకేసారి తొక్కినట్టు. భోజనం చేసినప్పుడు ఒంట్లో జరిగేది దాదాపు ఇదే. క్రిమి లేనివాళ్ళతో పోలిస్తే, క్రిమి ఉన్న ఆరోగ్యవంతుల్లో యాసిడ్ దాదాపు మూడు రెట్లు, డియోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదట్లో పుండు, ఉన్నవాళ్ళలో దాదాపు ఆరు రెట్లు వచ్చింది. నిర్మూలన తర్వాత అల్సర్ రోగుల్లో ఆ పెరుగుదలలో చాలా భాగం తగ్గింది. గ్యాస్ట్రిన్ అంకె ఒకటిన్నర రెట్లే పెరిగినా బ్రేకు తీసేసిన లెక్క ఎంత పెద్దదో ఇందులో కనబడుతుంది.

ఆ యాసిడంతా ఎక్కడికి పోతుంది? చిన్నపేగు మొదటి భాగంలోకి, డియోడినంలోకి. అక్కడ మామూలుగా యాసిడ్ తగలగానే సెక్రెటిన్ అనే హార్మోను విడుదలై, క్లోమం నుంచి బైకార్బొనేట్ వచ్చి దాన్ని విరిచేస్తుంది. లోకానికి తెలిసిన మొట్టమొదటి హార్మోను ఇదే, 1902లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టారు. హార్మోను అనే మాటే స్టార్లింగ్ 1905లో వాడాడు. సెక్రెటిన్ ఎంత కష్టపడినా, రోజూ అదనంగా పడే యాసిడ్‌కి డియోడినం పొరలో మార్పు వస్తుంది. కడుపు పొరను పోలిన కణాలు మచ్చలు మచ్చలుగా పుడతాయి. హెచ్ పైలోరీ కడుపు కణాలకే అంటుకుంటుంది. ఇప్పుడు దానికి పేగులోనూ ఇల్లు దొరికింది. అక్కడ వాపు వస్తుంది, ఆ చోట బైకార్బొనేట్ తగ్గుతుంది, యాసిడ్ తగులుతూనే ఉంటుంది. పుండు పడుతుంది.

ఇప్పుడు రెండో మనిషి దగ్గరికి. క్రిమి కార్పస్‌లో స్థిరపడింది. కార్పస్‌లో వాపు వస్తే పెరైటల్ కణాలు దెబ్బతింటాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా యాసిడ్‌ని చాలా బలంగా అణచివేస్తుంది. అదే సైటోకైన్ ఆంట్రంలో జీ కణాన్ని రెచ్చగొడుతుంది, కార్పస్‌లో పెరైటల్ కణాన్ని నొక్కేస్తుంది. వాపు ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యం. ఈ సైటోకైన్ ఎక్కువగా చేసే జన్యు రకం ఉన్నవాళ్ళలో యాసిడ్ తగ్గడం, జీర్ణాశయ కేన్సర్ రావడం ఎక్కువని 2000లో తెలిసింది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే పెరైటల్ కణాలు పోతాయి, వాటి చోట పేగును పోలిన పొర వస్తుంది. దీన్ని అట్రోఫీ, ఇంటెస్టినల్ మెటాప్లాసియా అంటారు. యాసిడ్ లేదు. యాసిడ్ లేకపోతే డీ కణానికి బ్రేకు వెయ్యమని చెప్పేవాళ్ళు లేరు. గ్యాస్ట్రిన్ పెరుగుతూ పోతుంది. ఇక్కడ అంకె వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి దాటి కూడా పోవచ్చు. అంత గ్యాస్ట్రిన్ వచ్చినా యాసిడ్ చేసే కణం లేదు.

కానీ గ్యాస్ట్రిన్ యాసిడ్ కోసమే పుట్టిన హార్మోను కాదు. అది కణాల్ని పెంచే హార్మోను కూడా. ముఖ్యంగా ఈసీఎల్ కణాల్ని. ఏళ్ళ తరబడి గ్యాస్ట్రిన్ ఎక్కువగా తగిలితే ఈసీఎల్ కణాలు గుంపులు గుంపులుగా పెరుగుతాయి, కొందరిలో ఆ కణాలే చిన్న న్యూరోఎండోక్రైన్ గడ్డలు, అంటే హార్మోన్లు చేసే కణాల గడ్డలు, కడతాయి. ఇక మామూలు జీర్ణాశయ కేన్సర్ సంగతి. జపాన్‌లో 1526 మందిని సగటున 7.8 ఏళ్ళు గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, క్రిమి ఉన్న 1246 మందిలో 36 మందికి కేన్సర్ వచ్చింది. క్రిమి లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. డియోడినల్ అల్సర్ ఉన్న బృందంలోనూ ఎవరికీ రాలేదు. పుండు దారి వేరు, కేన్సర్ దారి వేరు అనడానికి ఇదే నిదర్శనం.

ఇన్ఫెక్షన్ తగిలిన కొత్తలో ఏమవుతుంది అని అడగొచ్చు. యాసిడ్ బాగా పడిపోతుంది. 1979లో అమెరికాలో యాసిడ్ కొలిచే పరిశోధనలో పాల్గొన్న 37 మంది ఆరోగ్యవంతుల్లో 17 మందికి ఉన్నట్టుండి కడుపులో వాపు వచ్చి యాసిడ్ తగ్గిపోయిందని ప్రచురించారు. అప్పటికి కారణం తెలియదు, తర్వాత దాచిన రక్తం పరీక్షిస్తే హెచ్ పైలోరీ జాడ కనబడింది. నెలల తర్వాత చాలామందిలో యాసిడ్ తిరిగి వచ్చింది. కాబట్టి కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గ్రెలిన్, లెప్టిన్ గురించి రెండు మాటలు. గ్రెలిన్ 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం కనిపెట్టిన ఆకలి హార్మోను, ఎక్కువగా కార్పస్ పొరలోనే తయారవుతుంది. హెచ్ పైలోరీ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా పొర సన్నబడ్డవాళ్ళలో రక్తంలో గ్రెలిన్ తక్కువ. దాన్ని చేసే కణాలే పోతే ఎలా ఉంటుంది? నిర్మూలన తర్వాత కొందరు బరువు పెరిగితే గ్రెలిన్ తిరిగి పెరగడమే కారణం అని చెప్పేస్తుంటారు. అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కడుపు నొప్పి పోయి బాగా తింటే కూడా బరువు పెరుగుతారు. ఆకలిని తగ్గించే హార్మోను లెప్టిన్. కడుపులో తయారయ్యే లెప్టిన్ మాత్రం ఇన్ఫెక్షన్‌లో ఎక్కువగా కనబడి, నిర్మూలన తర్వాత తగ్గడం చూశారు. ఇవి పరిశోధనకి మంచి అంశాలు. రోగి చేత డబ్బు పెట్టించి గ్రెలిన్ పరీక్ష చేయించాల్సిన పని మాత్రం లేదు.

ఇక పరీక్షల సంగతి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

గ్యాస్ట్రిన్ పరీక్షకి రాత్రంతా, కనీసం 12 గంటలు పరగడుపు ఉండాలి. యాసిడ్ తగ్గించే ప్రోటాన్ పంపు మందులు, అంటే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి, కనీసం ఒక వారం, వీలైతే రెండు వారాలు ముందు ఆపాలి. ఫామోటిడిన్ లాంటివి రెండు రోజులు ముందు ఆపితే చాలు. రక్తం తియ్యగానే ఐసులో పెట్టి, త్వరగా సీరం వేరుచేసి ఫ్రీజర్లో గడ్డకట్టించాలి. గ్యాస్ట్రిన్ గది వేడిలో చెడిపోతుంది, రక్తకణాలు పగిలితే ఇంకా చెడిపోతుంది. ఎండలో తిరిగిన శాంపిల్‌లో గ్యాస్ట్రిన్ మామూలుగా ఉందని సంతోషపడకండి. ఇంకో మాట. గ్యాస్ట్రిన్ రక్తంలో రెండు ముఖ్యమైన రూపాల్లో ఉంటుంది, 17 అమైనో ఆమ్లాలది, 34 అమైనో ఆమ్లాలది. చిన్నది కొన్ని నిమిషాల్లో సగం మాయమవుతుంది, పెద్దది అరగంట పైన నిలుస్తుంది. ఏ కిట్ ఏ రూపాన్ని పట్టుకుంటుందో దాన్ని బట్టి అంకె మారుతుంది. రెండు ల్యాబుల అంకెల్ని పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి.

ప్రోటాన్ పంపు మందు ఆపకుండా పరీక్ష చేస్తే, ఆ మందు వల్లే గ్యాస్ట్రిన్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగి ఉండొచ్చు. మందు యాసిడ్‌ని ఆపింది, యాసిడ్ లేక బ్రేకు పడలేదు. ముందు చెప్పిన సూత్రమే. హెచ్ పైలోరీ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. అయితే ఒక జాగ్రత్త. గ్యాస్ట్రినోమా, అంటే గ్యాస్ట్రిన్ చేసే గడ్డ ఉందేమో అని అనుమానం ఉన్న రోగిలో మందు ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఉప్పెనలా వచ్చి పుండు చిల్లు పడొచ్చు. అలాంటి వాళ్ళలో ఆపడం నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి. గ్యాస్ట్రిన్ 1000 దాటి, కడుపు పీహెచ్ 2 కంటే తక్కువ ఉంటే ఆ గడ్డ గురించి గట్టిగా ఆలోచించాలి. గ్యాస్ట్రిన్ 1000 దాటి పీహెచ్ 6 ఉంటే అది పొర సన్నబడిన కడుపు. మళ్ళీ అదే ప్రశ్న, యాసిడ్ సంగతేమిటి?

రక్తంలో పెప్సినోజెన్ 1, 2 చూడటం ఇక్కడ బాగా పనికొస్తుంది. అవి హార్మోన్లు కావు, జీర్ణ ఎంజైముల ముందు రూపాలు. పెప్సినోజెన్ 1 కార్పస్ నుంచే వస్తుంది, 2 కార్పస్, ఆంట్రం రెండింటి నుంచీ వస్తుంది. కార్పస్ పొర పోతే 1 పడిపోతుంది. జపాన్‌లో వాడే గీత ఇది: పెప్సినోజెన్ 1 మిల్లీలీటరుకి 70 నానోగ్రాములు లేదా తక్కువ, రెండింటి నిష్పత్తి 3 లేదా తక్కువ ఉంటే అట్రోఫీ అనుమానించి ఎండోస్కోపీ చెయ్యాలి. పెప్సినోజెన్ 1 తక్కువ, గ్యాస్ట్రిన్ ఎక్కువ ఉంటే కార్పస్ పోయింది, ఆంట్రం ఉంది. రెండూ తక్కువ ఉంటే ఆంట్రం పొర కూడా పోయి, జీ కణాలే మిగల్లేదేమో చూడాలి. అంటే గ్యాస్ట్రిన్ మామూలుగా ఉందని రిపోర్టు వచ్చినంత మాత్రాన కడుపు బాగుందని కాదు.

క్రిమి ఉందో లేదో తేల్చే పరీక్షల్లో బ్రీత్ టెస్ట్ మంచిది. కార్బన్-13 గుర్తు పెట్టిన యూరియా 75 లేదా 100 మిల్లీగ్రాములు నీళ్ళలో, సిట్రిక్ ఆమ్లంతో కలిపి తాగిస్తారు. తాగక ముందు ఒక సంచీలో ఊపిరి, తాగిన 20 నుంచి 30 నిమిషాలకి ఇంకో సంచీలో ఊపిరి. క్రిమి ఉంటే యూరియా విరిగి గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో వస్తుంది. ముందు కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. ప్రోటాన్ పంపు మందు 2 వారాలు, యాంటీబయాటిక్, బిస్మత్ 4 వారాలు ఆపి ఉండాలి. ఈ లెక్క తప్పితే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. పరీక్షలు తప్పడానికి నేను చూడగలిగే మొదటి కారణం ఇదే. పొర బాగా పాడైన కడుపులో, యాసిడ్ లేకపోవడం వల్ల వేరే బ్యాక్టీరియా చేరి యూరియా విరిచి తప్పుడు పాజిటివ్ ఇవ్వడం కూడా ఉంది.

ఎండోస్కోపీలో చేసే రాపిడ్ యూరియేజ్ టెస్ట్ చూడటానికి చాలా అందంగా ఉంటుంది. పసుపు రంగు జెల్ ఉన్న చిన్న గుంట. అందులో యూరియా, పీహెచ్ రంగు సూచిక ఉంటాయి. బియ్యపు గింజ కంటే చిన్న ముక్క ఒకటి కడుపు పొర నుంచి గిల్లి అందులో గుచ్చుతారు. క్రిములు ఎక్కువుంటే ముక్క చుట్టూ ముందు చిన్న గులాబీ వలయం, తర్వాత జెల్ అంతా ముదురు గులాబీ. కొన్ని నిమిషాల్లోనే మారొచ్చు. తక్కువుంటే చాలా గంటలు పట్టొచ్చు, అందుకే వెంటనే లేదని రాసెయ్యకూడదు, కిట్ చెప్పిన సమయం దాకా ఆగాలి. ముక్క ఆంట్రం నుంచి ఒకటి, కార్పస్ నుంచి ఒకటి తియ్యాలి. మందులు వాడుతున్నవాళ్ళలో క్రిమి పైకి పాకి ఉంటుంది, ఆంట్రం ముక్క ఒక్కటే తీస్తే దొరకదు. రక్తం పుండు నుంచి కారుతున్నప్పుడు కూడా ఈ పరీక్ష లేదని చెప్పినా నమ్మకూడదు. మైక్రోస్కోపు కింద చూడటానికి ఆంట్రం నుంచి రెండు, కార్పస్ నుంచి రెండు, మధ్య వంపు దగ్గర ఒకటి, మొత్తం ఐదు ముక్కలు తీసి, ఏది ఎక్కడిదో వేరు వేరు సీసాల్లో రాసి పంపాలి. అన్నీ ఒకే సీసాలో వేసి పంపితే ఇంతసేపు చెప్పిన ఆంట్రం, కార్పస్ తేడా మొత్తం పోతుంది.

వైద్యం గురించి. ఇప్పుడు ఎక్కువ మార్గదర్శకాలు ముందు పెట్టేది 14 రోజుల బిస్మత్ క్వాడ్రపుల్ పద్ధతి, అంటే నాలుగు మందులు కలిపి వాడటం. ప్రోటాన్ పంపు మందు రోజుకి రెండుసార్లు, భోజనానికి అరగంట ముందు. బిస్మత్ రోజుకి నాలుగుసార్లు. టెట్రాసైక్లిన్ 500 మిల్లీగ్రాములు, అదీ రోజుకి నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు రోజుకి మూడు లేదా నాలుగుసార్లు. ఇది డాక్టరు రాయాల్సిన వైద్యం, సొంతంగా వాడేది కాదు. గర్భిణులకి, చిన్నపిల్లలకి టెట్రాసైక్లిన్ పనికిరాదు. బిస్మత్ వల్ల మలం, నాలుక నల్లబడతాయి, దానికి కంగారుపడి మందు ఆపేవాళ్ళు ఉన్నారు, ముందే చెప్పాలి. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే టెట్రాసైక్లిన్ ఒంటికి పట్టదు. మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడు మద్యం ముట్టకూడదు. వైద్యం విఫలం కావడానికి ముఖ్య కారణాలు రెండు. క్లారిత్రోమైసిన్‌కి (ఇదీ ఒక యాంటీబయాటిక్) క్రిమి అలవాటు పడిపోవడం, రోగి మాత్రలు మధ్యలో మానెయ్యడం. వాడిన యాంటీబయాటిక్కే మళ్ళీ రాయకండి.

మందు అయిపోయాక కనీసం 4 వారాలు ఆగి, ప్రోటాన్ పంపు మందు 2 వారాలు ఆపి, బ్రీత్ టెస్ట్ లేదా మలంలో యాంటిజెన్ పరీక్షతో క్రిమి పోయిందని తేల్చుకోవాలి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష దీనికి వాడకూడదు. క్రిమి పోయినా అది నెలలు, ఏళ్ళు పాజిటివ్‌గానే ఉంటుంది. గ్యాస్ట్రిన్ తగ్గిందా అన్న దాన్ని నిర్మూలన పరీక్షగా వాడటం కూడా తప్పే.

ప్రోటాన్ పంపు మందు ఏళ్ళ తరబడి వాడాల్సిన వాళ్ళకి ముందు హెచ్ పైలోరీ పరీక్ష చేసి, ఉంటే నిర్మూలించండి. యాసిడ్ తగ్గిన కడుపులో క్రిమి కార్పస్‌కి పాకుతుందని చెప్పుకున్నాం కదా. ఇది ఇవాళ్టి ప్రసంగంలో రోజూ పనికొచ్చే మాట.

ఇక ప్రశ్నలు.

సభలోంచి ప్రశ్న: క్రిమి పోయిందని రెండు పరీక్షల్లో తేలింది. ఆరు నెలలైనా గ్యాస్ట్రిన్ 400 ఉంది. ఏం చూడాలి?

ముందు మందుల చీటీ అడగండి. ప్రోటాన్ పంపు మందు ఇంకా వేసుకుంటున్నారేమో. చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. లేకపోతే క్రియాటినిన్ చూడండి, కిడ్నీ సరిగా పనిచెయ్యకపోతే గ్యాస్ట్రిన్ రక్తంలో నిలిచిపోతుంది. తర్వాత కడుపు పీహెచ్, పెప్సినోజెన్. యాసిడ్ లేకపోతే అట్రోఫీ, క్రిమి పోయినా పాడైన పొర అంత త్వరగా తిరిగి రాదు. పెరైటల్ కణాల మీద యాంటీబాడీలు, బీ12, ఐరన్ చూడండి, ఎందుకంటే ఆటోఇమ్యూన్ అట్రోఫీ, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కడుపు పొరను దెబ్బతీసే జబ్బు, హెచ్ పైలోరీ చాటున దాగి ఉండొచ్చు. వాళ్ళని ఎండోస్కోపీతో కొన్నేళ్ళకోసారి చూస్తూ ఉండాలి. యాసిడ్ బాగా ఉండి గ్యాస్ట్రిన్ కూడా ఎక్కువుంటే అప్పుడు సెక్రెటిన్ పరీక్ష. మామూలు మనిషిలో సెక్రెటిన్ ఎక్కిస్తే గ్యాస్ట్రిన్ పెద్దగా కదలదు. గ్యాస్ట్రినోమా ఉంటే 120 పికోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఎగబాకుతుంది. ఆ రోగిని ఎండోక్రైన్ నిపుణుల దగ్గరికి పంపండి, ఆలస్యం చెయ్యకండి.